అమీబా అనేది వంశం పేరు కాదు, నడక పేరు: ఏకకణ జీవుల చుట్టరికాలు జన్యువుల్లో ఎలా తేలతాయి

"మెదడు తినే అమీబా" అనే మాట వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఒక ప్రశ్న వస్తుంది. ఇది మనం బడిలో బొమ్మ గీసిన అమీబాయేనా, కడుపులో చేరి రక్త విరేచనాలు తెప్పించే అమీబాయేనా, లేక ఇంకోటా?

మూడూ అమీబాలే, కానీ మూడూ ఒక ఇంటివి కావు. బడి పుస్తకంలోది (అమీబా ప్రోటియస్), కడుపులోకి చేరేది (ఎంటమీబా హిస్టోలిటికా) ఒకదానికొకటి దూరపు చుట్టాలు. మెదడుకి చేరే నేగ్లేరియా ఫౌలెరీ మాత్రం ఆ వంశంలోనే లేదు. దాని దాయాదులు ఎవరంటే యూగ్లీనా, కాలా అజార్ తెప్పించే లీష్మేనియా లాంటివి. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఇవాళ ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకునే వంశవృక్షంలో ఎంటమీబాకి నేగ్లేరియా కన్నా మనిషే దగ్గర చుట్టం. అవును, మీరూ నేనూ.

మైక్రోస్కోప్‌లో చూస్తే ఇదెలా నమ్మాలో అర్థం కాదు, ఎందుకంటే రెండూ మిథ్యాపాదాలు చాచుకుంటూ పాకుతున్న జిగురు చుక్కల్లాగే కనబడతాయి. మరి కంటికి కనబడేదాన్ని కాదని జన్యువులు చెప్పేదాన్ని ఎందుకు నమ్ముతున్నారు, ఆ జన్యువులు కూడా అప్పుడప్పుడు అబద్ధం చెబుతాయా అన్నదే ఇక్కడ అసలు విషయం. చెబుతాయి. ఎప్పుడు చెబుతాయో కనిపెట్టడానికే చాలా ఏళ్లు పట్టింది.

రూపం చూసి వంశం చెప్పడం ఎక్కడ బెడిసికొట్టింది

పెద్ద జంతువుల విషయంలో పోల్చడానికి బోలెడంత ఉంటుంది: ఎముకలు, పళ్లు, పిండం పెరిగే తీరు, రాళ్లలో మిగిలిన శిలాజాలు. ఒక్క కణంతో బతికేదానికి ఇవేవీ లేవు. చాలావాటికి గట్టి పెంకు కూడా ఉండదు కాబట్టి శిలాజాలూ అంతంతమాత్రమే. అందుకే 1866లో హెకెల్ ప్రొటిస్టా అని ఒక గది కట్టి, మొక్కల్లోనూ జంతువుల్లోనూ సరిగ్గా ఇమడని చిన్న జీవుల్ని అందులోకి తోసేశాడు. 1969లో విట్టేకర్ ఇచ్చిన ఐదు రాజ్యాల పథకం, మనలో చాలామంది బడిలో బట్టీపట్టింది, అందులోనూ ప్రొటిస్టా పరిస్థితి దాదాపు అదే. అది కుటుంబం కాదు, ఎక్కడ పెట్టాలో తెలియని సామాను పడేసే అటక.

రూపంతో చిక్కు రెండు వైపులా ఉంది. ఒకటి, చుట్టరికం లేనివి ఒకేలా కనబడటం. పాకడానికి మిథ్యాపాదం మంచి ఉపాయం కాబట్టి వంశవృక్షంలో ఎక్కడెక్కడో ఉన్న జీవులు ఆ నడకనే పట్టుకున్నాయి. నేగ్లేరియానైతే శుద్ధ జలంలో వేస్తే కాసేపట్లో పాకడం మానేసి రెండు కశాభాలు, అంటే కొరడాల్లాంటి తోకలు, మొలిపించుకుని ఈదడం మొదలుపెడుతుంది, అంటే అది అమీబాగా ఉండేది కూడా తాత్కాలికమే.

రెండోది దీనికి తలకిందులు: వేరువేరు జీవులు అచ్చు ఒకేలా ఉండటం. కడుపులో కనబడే ఎంటమీబాల్లో జబ్బు చేసే హిస్టోలిటికా ఒకటి, ఏ హానీ చేయని డిస్పార్ ఒకటి. చుట్టూ గట్టి పొర కట్టుకున్న వాటి రూపాల్ని, అంటే సిస్టుల్ని, మైక్రోస్కోప్ కింద విడదీయలేం. అవి రెండు వేరే జాతులని స్పష్టంగా రాసుకున్నది 1993లో, అదీ జన్యు, జీవరసాయన ఆధారాలు పోగయ్యాకే.

అక్షరాలు లెక్కపెడితే చుట్టరికం ఎలా తెలుస్తుంది

తాళపత్ర ప్రతుల్ని పరిష్కరించేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికాయనుకోండి, నాలుగు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పు ఉంటే, ఆ నాలుగూ ఆ తప్పున్న ఏదో ఒక పాత ప్రతిని చూసి రాసుకున్నవే అయ్యుండాలి. నలుగురు లేఖకులు విడివిడిగా అదే చోట అదే తప్పు చేయడం అరుదు. డీఎన్‌ఏ కూడా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల రాత, కణం విడిపోయిన ప్రతిసారీ దానికి కొత్త ప్రతి తయారవుతుంది, అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పుతుంది, ఆ తప్పు వారసత్వంగా దిగుతుంది. జీవుల చరిత్ర వాటి అణువుల్లోనే రాసి ఉంటుందని, దాన్ని చదవొచ్చని 1965లో జుకర్‌కాండల్, పౌలింగ్ గట్టిగా వాదించారు.

చేతితో ఒకసారి చేసి చూద్దాం. ఇవి నేను కల్పించిన అక్షరాలు, ఏ నిజ జీవివీ కావు. నాలుగు జీవుల్లో ఒకే జన్యువు నుంచి పది అక్షరాలు తీసుకున్నామనుకోండి:

క: ఏ జీ టీ సీ ఏ ఏ జీ టీ సీ జీ
ఖ: ఏ జీ టీ సీ ఏ జీ జీ టీ సీ జీ
గ: ఏ టీ టీ సీ జీ జీ జీ సీ సీ జీ
ఘ: ఏ టీ టీ సీ జీ జీ జీ సీ సీ ఏ

క, ఖ మధ్య తేడా ఒక్కటే (ఆరో అక్షరం). గ, ఘ మధ్య కూడా ఒక్కటే (పదోది). క నుంచి గ కి నాలుగు తేడాలు, క నుంచి ఘ కి ఐదు, ఖ నుంచి గ కి మూడు, ఖ నుంచి ఘ కి నాలుగు. కాబట్టి క, ఖ ఒక జంట, గ, ఘ ఒక జంట. తేడాల సంఖ్య పక్కన పెట్టి చూసినా అదే వస్తుంది: రెండు, ఐదు, ఎనిమిదో స్థానాల్లో గ, ఘ లది ఒక రాత, క, ఖ లది ఇంకో రాత.

ఇందులో రెండు మెలికలున్నాయి. అక్షరాలు వరసగా కుదిరాయని నేను ముందే అనుకున్నాను. నిజంగా చేసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం రాలిపోయినా ఎక్కువైనా అక్కణ్ణుంచి మొత్తం వరస జరిగిపోతుంది, దాన్ని సర్ది నిలబెట్టడమే పెద్ద పని. రెండోది, ఈ లెక్క ఎవరు ఎవరికి దగ్గరో చెప్పింది కానీ ఎవరు ముందు విడిపోయారో చెప్పలేదు. ఐదో అక్షరం మొదట ఏ ఉండి జీ అయిందా, జీ ఉండి ఏ అయిందా? అది తెలియాలంటే ఈ నలుగురికీ బయటిదని ఖాయంగా తెలిసిన ఐదో జీవి కావాలి. అలాంటి బయటి జీవి లేకపోతే చెట్టుకి కొమ్మలుంటాయి, వేరు ఉండదు.

ఏ జన్యువుని చదవాలి

అందరిలోనూ ఉండాలి, అందరిలోనూ ఒకే పని చేయాలి, మరీ వేగంగా మారిపోకూడదు. ఈ మూడు షరతులకూ సరిపోయింది రైబోసోమ్‌లో ఉండే ఆర్‌ఎన్‌ఏ. ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోసోమ్, అది లేకుండా బతికే కణం లేదు. బాక్టీరియాల్లో దాని చిన్న భాగంలోని ఆర్‌ఎన్‌ఏని 16ఎస్ అంటారు, సుమారు 1,500 అక్షరాలు. మన లాంటి కేంద్రకం ఉన్న జీవుల్లో 18ఎస్, సుమారు 1,800.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్ ఈ ఆర్‌ఎన్‌ఏనే పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నాడు. అప్పట్లో ఇవాళ్టిలా అక్షరాలు గడగడా చదివే యంత్రాలు లేవు. కణాలకి రేడియోధార్మిక భాస్వరం ఇచ్చి పెంచడం, ఆర్‌ఎన్‌ఏని ఎంజైమ్‌తో ముక్కలు కోయడం, ముక్కల్ని విడదీసి ఫిల్మ్ మీద పడ్డ మచ్చల్ని చూస్తూ ఒక్కో ముక్కలో ఏముందో గుర్తించడం. విసుగు పుట్టించే పని. 1977లో జార్జ్ ఫాక్స్‌తో కలిసి ఆయన చెప్పింది ఇది: మీథేన్ వాయువు తయారుచేసే కొన్ని సూక్ష్మజీవులు చూడ్డానికి బాక్టీరియాలే అయినా, రైబోసోమ్ రాతలో బాక్టీరియాకి ఎంత దూరమో మనకీ అంతే దూరం. అవే ఇప్పుడు ఆర్కియా అంటున్నవి. చాలామంది సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు మొదట్లో నమ్మలేదు. 1990 నాటికి వోస్, కాండ్లర్, వీలిస్ జీవలోకం మొత్తాన్ని బాక్టీరియా, ఆర్కియా, యూకారియా (కేంద్రకం ఉన్న జీవులు, అంటే యూకారియోట్లు) అని మూడుగా విడగొట్టారు. ఐదు రాజ్యాల్లో మొక్కలు, జంతువులు, శిలీంధ్రాలు మూడు పెద్ద రాజ్యాలైతే, ఈ కొత్త చెట్టులో ఆ మూడూ ఒక కొమ్మ మీది మూడు రెమ్మలు. జీవవైవిధ్యంలో అత్యధిక భాగం ఒంటికణపు వాళ్లదే.

జన్యువు అబద్ధం చెప్పిన కథ: మైక్రోస్పోరిడియా

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే, ఎందుకంటే ఇందులో తెలివైనవాళ్లందరూ మంచి ఆధారాలతోనే తప్పులో కాలేశారు.

మైక్రోస్పోరిడియా అనేవి వేరే జీవుల కణాల్లోకి దూరి బతికే పరాన్నజీవులు. వాటిలో మామూలు మైటోకాండ్రియా కనబడవు. మైటోకాండ్రియా అనేది ఒకప్పుడు మన పూర్వీక కణం లోపల కాపురం పెట్టిన బాక్టీరియా అని అప్పటికే ఒప్పుకున్నారు కాబట్టి, అది లేని జీవులు ఆ కాపురానికి ముందే విడిపోయిన పురాతనులు అయ్యుండొచ్చని 1983లో కవాలియర్ స్మిత్ ప్రతిపాదించాడు. 1987లో రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ చదివి చూస్తే సరిగ్గా అదే వచ్చింది: యూకారియోట్ల చెట్టులో అట్టడుగున, అందరికన్నా ముందు విడిపోయిన కొమ్మ. రూపం, జన్యువు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఇంకేం కావాలి?

1990ల్లో వేరే జన్యువులు చదివారు. కణానికి అస్థిపంజరంలా పనిచేసే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ రాత ప్రకారం మైక్రోస్పోరిడియా అట్టడుగున లేవు, శిలీంధ్రాల పక్కన ఉన్నాయి. తర్వాత మరికొన్ని ప్రోటీన్లూ అదే చెప్పాయి. 2002లో వాటి కణాల్లో మైటోకాండ్రియా తాలూకు చిన్న అవశేషం దొరికింది. అంటే మైటోకాండ్రియా వాటికి ఎప్పుడూ లేకపోవడం కాదు, ఉండి చిక్కిపోయింది. ఎన్‌సెఫాలిటోజూన్ అనే మైక్రోస్పోరిడియా మొత్తం జన్యురాశి, అంటే దాని డీఎన్‌ఏ అంతా, 2001లో చదివితే సుమారు 29 లక్షల అక్షరాలు, 2,000 జన్యువులు మాత్రమే తేలాయి. పరాయి కణంలో కూర్చుని తింటున్నవాడికి సొంత వంటసామాను ఎందుకు, ఒక్కోటీ వదిలించుకున్నాయి. ఆదిమజీవులు కావవి, అతిగా సరళమైపోయిన శిలీంధ్ర బంధువులు.

మరి ఆర్‌ఎన్‌ఏ ఎందుకు తప్పు చెప్పింది? వాటి రాత చాలా వేగంగా మారింది. దీని వెనక లెక్క చిన్నదే. రెండు వంశాలు, ఒకదానికొకటి చుట్టరికం లేనివి, రెండూ వేగంగా మారుతున్నాయనుకోండి. మొదట ఒకే అక్షరం ఉండి రెండింటిలోనూ విడివిడిగా మారిన చోట్లు 90 ఉన్నాయి. అక్షరాలు నాలుగే, పాతది పోగా మిగిలేవి మూడు, కాబట్టి ఆ 90 చోట్లలో దాదాపు 30 చోట్ల రెండూ ఊరికే యాదృచ్ఛికంగా ఒకే అక్షరానికి చేరతాయి. నెమ్మదిగా మారే జీవుల్లో అక్కడ పాత అక్షరమే ఉంటుంది. చెట్టు గీసే పద్ధతికి ఈ 30 పోలికలు చుట్టరికంలా కనబడతాయి, వేగంగా మారిన రెండు పొడుగు కొమ్మలనీ తెచ్చి ఒక చోట కట్టేస్తుంది. పోలిక కోసం తెచ్చిన బయటి జీవి ఎలాగూ చాలా దూరపుదే, అంటే అదీ పొడుగు కొమ్మే. వేగంగా మారినవన్నీ దాని వైపు జారి చెట్టు అడుక్కి చేరిపోతాయి. మైక్రోస్పోరిడియాకి జరిగింది అదే. ఇలా జరగొచ్చని ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే గణితంతో చూపించాడు. ఇందులో భయపెట్టే సంగతి, డేటా పెంచినంత మాత్రాన ఈ తప్పు పోదు. ఇంకా గట్టిగా, ఇంకా నమ్మకంగా అదే తప్పు జవాబు వస్తుంది.

చెట్టు బొమ్మల్లో కొమ్మల పక్కన 95, 100 అని అంకెలు వేస్తారు చూడండి, వాటినీ ఈ వెలుగులోనే చదవాలి. అదే ఫెల్సెన్‌స్టైన్ 1985లో చెట్లకి తెచ్చిన బూట్‌స్ట్రాప్ పద్ధతి అది: ఉన్న అక్షరాల నిలువు వరసల్లోంచి చీటీలు తీసినట్టు మళ్లీమళ్లీ తీసి వందసార్లో వెయ్యిసార్లో చెట్టు గీస్తారు, ఒక కొమ్మ నూటికి ఎన్నిసార్లు వచ్చిందో ఆ అంకె. డేటా ఒకే మాట మీద నిలబడిందా లేదా అని అది చెబుతుంది, ఆ మాట నిజమా కాదా అని కాదు. తప్పు కొమ్మకీ 100 రావచ్చు.

దత్తత వచ్చిన జన్యువులు

ఇప్పటిదాకా జన్యువు తల్లి కణం నుంచి పిల్ల కణానికే వెళుతుందని అనుకుంటూ వచ్చాం. బాక్టీరియా, ఆర్కియా అంత బుద్ధిగా ఉండవు. పక్కవాడి డీఎన్‌ఏ ముక్క దొరికితే లోపలికి లాగేసుకుంటాయి, వైరస్‌లు మోసుకొస్తే తీసుకుంటాయి, ఒకదానికొకటి అంటుకుని ఇచ్చిపుచ్చుకుంటాయి. యాంటీబయాటిక్‌లకి లొంగని గుణం ఒక రకం బాక్టీరియా నుంచి ఇంకో రకానికి పాకేది ఎక్కువగా ఇలాగే.

1999లో థర్మోటోగా మారిటిమా అనే వేడినీటి బాక్టీరియా జన్యురాశి చదివారు. దాని జన్యువుల్లో దాదాపు 24 శాతం బాక్టీరియా జన్యువుల కన్నా ఆర్కియా జన్యువులకే ఎక్కువ దగ్గరగా కనబడ్డాయి. ఇప్పుడు ఏ జన్యువుని చూసి దాని వంశం రాయాలి? ఈ ప్రశ్న దగ్గర శాస్త్రవేత్తలు రెండుగా చీలారు. ఫోర్డ్ డూలిటిల్ లాంటివాళ్లు, ఇంత ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నప్పుడు బాక్టీరియా చరిత్రని చెట్టుగా గీయడమే పొరపాటు, అది వల లాంటిది అన్నారు. రెండో పక్షం వాదన ఇలా ఉంటుంది: తిండికి, వేడికి, మందులకి సంబంధించిన జన్యువులు తిరుగుతాయి నిజమే, కానీ రైబోసోమ్ లాంటి పెద్ద యంత్రంలో పదుల ప్రోటీన్లు ఒకదానికొకటి కుదిరి పనిచేయాలి, అందులో ఒక్కదాన్ని పరాయిది తెచ్చి పెడితే సరిగ్గా అతకదు, కాబట్టి అవి అంతగా చేతులు మారవు, అలాంటివి కొన్ని పదుల జన్యువులు కలిపి చూస్తే చెట్టు కనబడుతూనే ఉంది.

నా మటుకు నాకు ఇద్దరూ వేరే ప్రశ్నలకి జవాబిస్తున్నారనిపిస్తుంది. కణం ఏ కణం నుంచి పుట్టింది అనేది ఒక ప్రశ్న, కణంలో ఉన్న జన్యువులు ఎక్కడెక్కణ్ణుంచి వచ్చాయి అనేది ఇంకోటి. మొదటిదానికి చెట్టు చాలు. రెండోదానికి వల కావాలి. మొదటి జవాబు జన్యువుల్లో నూటికి ఎంత భాగం కథ చెబుతుందన్న దగ్గర మాత్రం గొడవ నిజమైనదే.

ఒక కణంలో రెండు వంశాలు: మలేరియా క్రిమి లోపలి ఆకుపచ్చ గతం

కొన్నిసార్లు దత్తత వచ్చేది ఒక్క జన్యువు కాదు, మొత్తం కణమే. ప్లాస్మోడియం ఎర్ర రక్తకణాల్లో పెరిగే పరాన్నజీవి, దానికి సూర్యకాంతితో పని లేదు. కానీ దాని లోపల సుమారు 35 వేల అక్షరాల గుండ్రటి చిన్న డీఎన్‌ఏ ఒకటి ఉంది, 1990ల్లో దాన్ని చదివితే అది ఆకుల్లో ఉండే హరితరేణువుల డీఎన్‌ఏకి బంధువని తేలింది. దాని పూర్వీకులు ఎప్పుడో ఒక శైవలాన్ని మింగి, అరిగించుకోకుండా లోపలే ఉంచుకున్నాయన్నమాట. కాంతితో తిండి వండే పని పోయింది, ఆ గది మాత్రం ఏపికోప్లాస్ట్ పేరుతో మిగిలింది, కొన్ని కొవ్వు సంబంధమైన పదార్థాలు అక్కడే తయారవుతాయి. 2008లో సిడ్నీ రేవులోని పగడాల నుంచి తీసిన క్రోమెరా అనే జీవి ప్లాస్మోడియం వంశానికి దగ్గరదని, అది ఇప్పటికీ కాంతితోనే బతుకుతోందని తెలిశాక ఈ కథకి బలం వచ్చింది.

ఇదంతా పాత కథే కదా అనుకోవద్దు. డాక్సీసైక్లిన్ బాక్టీరియా మీద వాడే మందు, మరి అది మలేరియా మీద ఎలా పనిచేస్తుంది? ఆ ఏపికోప్లాస్ట్ రైబోసోమ్‌లు బాక్టీరియా తరహావి కాబట్టి. శైవలానికి హరితరేణువు ఇచ్చింది ఇంకా పాత బాక్టీరియా, మందు ఆ ముత్తాత పోలికని పట్టుకుంటోంది.

కంట పడని జీవుల్ని చెట్టులో పెట్టడం, అక్కడ నడుస్తున్న తగువు

సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం ల్యాబ్‌లో పెరగవు. అందుకే సముద్రపు నీరో మట్టో తీసుకుని, అందులో ఉన్న డీఎన్‌ఏని నేరుగా చదవడం మొదలుపెట్టారు. 1990లో సర్గాసో సముద్రపు నీటిలో ఇలా దొరికిన ఒక రాతకి ఎస్‌ఏఆర్ 11 అని పేరు పెట్టారు. ఆ జీవిని ల్యాబ్‌లో పెంచగలిగింది 2002లో, అది సముద్రాల్లో అత్యధికంగా ఉండే జీవుల్లో ఒకటి.

2015లో ఇదే పద్ధతిలో పెద్ద కలకలం రేగింది. గ్రీన్‌లాండ్, నార్వే మధ్య సముద్రం అడుగున లోకీస్ కాసిల్ అనే వేడినీటి బుగ్గల దగ్గరి బురద నుంచి ఒక ఆర్కియా జన్యురాశిని కూర్చారు. అందులో అప్పటిదాకా కేంద్రకం ఉన్న జీవుల సొత్తు అనుకున్న ప్రోటీన్లకి పోలికలున్నవి కనబడ్డాయి. చెట్టు గీస్తే యూకారియోట్లు ఆర్కియా పక్కన కాదు, ఆర్కియా లోపలే వచ్చాయి. అదే నిజమైతే వోస్ చెప్పిన మూడు విభాగాలు రెండే అవుతాయి. జేమ్స్ లేక్ 1984లో దాదాపు ఇలాంటి మాటే అన్నాడు, అప్పుడు పెద్దగా చెల్లలేదు.

ఎదురువాదం కూడా తీసిపారేయదగ్గది కాదు. బురదలోంచి తీసిన డీఎన్‌ఏ ముక్కలన్నీ ఒకే జీవివి అని గ్యారంటీ ఏమిటి, వేరేవాటి ముక్కలు కలిసి ఉండొచ్చు. పైగా ఏ జన్యువులు ఎంచుకుంటే ఏ చెట్టు వస్తుందో మారుతోంది, ఇది పొడుగు కొమ్మల మాయే కావచ్చు అని ఫోర్టెర్ బృందం 2017లో వాదించింది. అంటే మైక్రోస్పోరిడియా పాఠాన్నే ఇక్కడ అప్పజెప్పారు. 2020లో జపాన్ బృందం ఈ కుటుంబానికే చెందిన ఒక ఆర్కియాని, పన్నెండేళ్లు పట్టింది, ల్యాబ్‌లో పెంచి చూపించింది. దాని జన్యురాశిలోనూ ఆ ప్రోటీన్లున్నాయి, కాబట్టి కలగాపులగం అనే అనుమానం చాలావరకు తీరింది. చెట్టులో చోటు గురించి మాత్రం ఇప్పుడు మొగ్గు రెండు విభాగాల వైపే ఉన్నా, మూడే అనేవాళ్లు ఇంకా ఉన్నారు.

యూకారియోట్ల చెట్టుకి వేరు ఎక్కడో కూడా తేలలేదు. కొమ్మలు మాత్రం ఇంకా కొత్తవి తగులుతున్నాయి. హెమిమాస్టిగోట్లు అని, పక్కలకి వరసగా కశాభాలుండే జీవులు 19వ శతాబ్దం నుంచే మైక్రోస్కోప్‌లో కనబడుతూ ఉన్నాయి, ఎవరి తాలూకో ఎవరూ చెప్పలేకపోయారు. కెనడాలో నోవా స్కోషియాలో ఒక కాలిబాట పక్కన తీసిన మట్టిలో అవి దొరికితే, విడి కణాల్ని పట్టుకుని 351 జన్యువుల రాతతో 2018లో చెట్టు గీశారు. అవి తెలిసిన ఏ కుటుంబంలోనూ చేరలేదు. కొత్త జాతికి అక్కడి మిక్‌మాక్ ప్రజల కథల్లోని ఒక తిండిపోతు రాక్షసుడి పేరు పెట్టి, దాని కొమ్మని విడిగానే ఉంచారు.